బజ్జీల వేళ తని ఆవర్తనం

ఆడపిల్ల సంగీతం నేర్చుకుంటోందంటే ఢిల్లీలోని తెలుగువాళ్ళకి అర్థమయ్యేది ఒకటే. ఆ పిల్ల ఎవరింటికి వెళ్ళినా, ఫలహారం ప్లేటు చేతికి రాకముందే ఒక పాట పాడాలి. ప్రవల్లిక పాడదు. ఆమె మృదంగం వాయిస్తుంది. ఈ సంగతి చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో జాలి కనిపించేది, చిన్నపిల్లకి అప్పుడే కళ్ళజోడు పడిందని విన్నప్పుడు పడే జాలి. కాసేపటికి తేరుకుని, "పోన్లే, అయితే ఒక చిన్న పాటే పాడమ్మా," అనేవారు.

ఫరీదాబాద్‌లో వాళ్ళ పై వాటాలో ఉండే పంజాబీ ఆంటీ ఆ వాద్యాన్ని మొదటి రోజు నుంచీ ఢోలక్ అనే పిలిచేది. ఇంట్లో కీర్తన్ పెట్టుకున్నప్పుడల్లా, "బేటా, ఢోలక్ లేతే ఆనా," అని, దాన్ని పట్టుకు రమ్మంటూ మెట్ల మీంచి కేకేసేది. ఇది ఢోలక్ కాదని, దీని కుడి వైపు మూత ఒక శ్రుతికి కట్టి ఉంటుందని, ఎడమ వైపు వాయించే ముందు రవ్వ ముద్ద అంటించాలని ప్రవల్లిక కొన్నాళ్ళు ఓపిగ్గా చెప్పింది. తర్వాత మానేసింది. చెప్పిన ప్రతిసారీ ఆవిడ "అచ్ఛా, సౌత్ వాలా ఢోలక్," అనేది మరి.

రవ్వ విషయంలో అమ్మ మాత్రం మానలేదు. "ఉప్మాకి తెచ్చిన రవ్వంతా ఆ తోలుకే పూస్తున్నావు. అదేమన్నా తిని కడుపు నింపుకుంటుందా?" అంటూ డబ్బా మూత బిగించి పై అరలో దాచేది. అమ్మ దాచే పై అర ఎప్పుడూ ప్రవల్లిక చేతికి అందే అరే.

పొద్దున బీకాం క్లాసులు, మధ్యాహ్నం నుంచి మృదంగం. అప్పటికి ఫరీదాబాద్‌కి మెట్రో వస్తుందని పేపర్లో రావడమే తప్ప ఒక్క స్తంభం కూడా లేవలేదు. అందుకని వాద్యాన్ని భుజాన తగిలించుకుని, షటిల్ రైలెక్కి న్యూఢిల్లీ స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి మెట్రోలో కరోల్ బాగ్ వెళ్ళేది. మెట్రో గేటు దగ్గర జవాను ఆ సంచీని చూసి, "క్యా హై? ఖోలో," అనేవాడు. జిప్పు తీసి చూపించాక, "బజాకే దిఖావో," అనేవాడు. ఆమె ఒక్క దెబ్బ కొట్టేది. అతను తృప్తిగా తలూపి పంపేవాడు. ఢిల్లీ మొత్తంలో మృదంగం వాయించమని తనంతట తాను అడిగిన మనిషి అతనొక్కడే. అది కూడా అందులో బాంబు లేదని తేల్చుకోవడానికి.

గురువు సదాశివరావు గారు ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. కరోల్ బాగ్‌లో పెళ్ళి లెహంగాలు అమ్మే దుకాణం పై అంతస్తులో ఉంటారు. కింద బేరాలు, పైన తాళాలు. ఆయన వాయిస్తే వినాలి. ఆ మాటలో ప్రవల్లికకి ఎన్నడూ సందేహం రాలేదు. సందేహాలన్నీ ఆయన వాయించనప్పుడే వచ్చేవి.

"పక్కవాద్యమంటే పక్కన ఉండేదమ్మాయ్," అనేవారు ఆయన. "ముందు నడిచేది కాదు. పాడేవాళ్ళు గోతిలో పడితే మనమూ పడాలి. పడి, అది గొయ్యి కాదు మెట్టు అనిపించాలి. అదీ విద్య."

ఆ విద్య నేర్పడానికి ఆయన దగ్గర ఒక గొయ్యి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. దాని పేరు లీలావతి గారు.

లీలావతి గారి భర్త రామమోహనరావు గారు కేంద్ర ప్రభుత్వంలో చాలా పెద్ద అధికారి. యమునాతీర తెలుగు సమితికి అధ్యక్షుడు కూడా. సమితి వార్షికోత్సవంలో ప్రతి ఏడూ ఒక శాస్త్రీయ సంగీత కచేరీ ఉంటుంది. ఆ కచేరీ ప్రతి ఏడూ లీలావతి గారే చేస్తారు. ఆహ్వానపత్రంలో పేరుకి ముందు 'విదుషి' అని వేస్తారు. ఆ బిరుదు ఎవరిచ్చారని అడిగేంత పనిలేనివాళ్ళు సమితిలో లేరు. రామమోహనరావు గారు ఫోన్ చేస్తే బదిలీలు ఆగుతాయి, స్కూళ్ళలో సీట్లు దొరుకుతాయి. సదాశివరావు గారి మనవడికి దొరికిన సీటు అలాంటిదే. అందువల్ల ఆవిడ కచేరీకి మృదంగం పంపే బాధ్యత ఆయన మీద పడింది. తాను వెళ్ళకుండా ఏడాదికొక శిష్యుణ్ణి పంపుతూ వచ్చారు. ఒకసారి వెళ్ళినవాడు రెండోసారి వెళ్ళేవాడు కాదు. ఒకడికి పరీక్షలు వచ్చాయి, ఇంకొకడికి పచ్చకామెర్లు వచ్చాయి, మరొకడు ఏకంగా బెంగళూరు వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం వంతు ప్రవల్లికది.

"తని ఉంటుందా మాస్టారూ?" అని అడిగింది ఆమె.

తని ఆవర్తనం అంటే కచేరీ నడుమ పాట ఆగిపోయి, పాడేవారు చేత్తో తాళం మాత్రం వేస్తూ ఉంటే, మృదంగం ఒక్కటే మాట్లాడే సమయం. మిగతా కచేరీ అంతా అది పక్కవాద్యం. ఆ పది నిమిషాలే అది వాద్యం. ఇన్నేళ్ళ సాధకంలో ప్రవల్లికకి నలుగురి ముందర ఒక్క తని కూడా దొరకలేదు.

"ఉంటుంది," అన్నారాయన. "నేను ముందు వరసలో కూచుని వింటాను. ఒంటరిగా నిలబడగలవో లేదో చూస్తాను. నిలబడితే ఇకమీదట నాకొచ్చే కచేరీల్లో కొన్ని నీకు పంపుతాను. లేదా, ఇంకొన్నాళ్ళు ఇక్కడే సాధకం."

ప్రవల్లిక ఆ రోజు నుంచి తని మీదే పడింది. షటిల్ రైల్లో సంచీ మీద వేళ్ళతో వాయించుకునేది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు బఠాణీలు ఒలుచుకుంటూ, ఈ పిల్లకేమైనా నరాల జబ్బా అన్నట్టు చూసేవారు.

రిహార్సల్‌కి లీలావతి గారు ఇంటికి రమ్మన్నారు. ఇండియా గేటు దగ్గర ప్రభుత్వ బంగళా, ముందు గదిలో రెండు హీటర్లు, టీ తెచ్చే ప్యూను. ఆవిడ ఫోన్లో, "నాది ఐదున్నర శ్రుతమ్మా, అంతకు తగ్గితే నాకు పాడినట్టే ఉండదు," అని చెప్పారు కనుక ప్రవల్లిక మృదంగాన్ని ఐదున్నరకి బిగించి తెచ్చింది. మొదటి పాట పై స్థాయికి వెళ్ళేసరికి ఆవిడ గొంతు మెట్ల మధ్యలో ఆగిపోయిన లిఫ్టులా ఆగిపోయింది.

"ఈ హీటర్ల వల్ల గొంతు డ్రై అయిపోయింది. ఐదుకి తగ్గించమ్మా."

ప్రవల్లిక రాయీ కర్రముక్కా తీసి మృదంగం అంచు చుట్టూ కింది నుంచి పైకి కొట్టుకుంటూ శ్రుతి దించింది. వయొలిన్ వాయించే శివరామకృష్ణ గారు కూడా మారుమాట లేకుండా తీగలు దించుకున్నారు. బ్యాంకు మేనేజరైన ఆయన ఎవరి తప్పులోనూ తలదూర్చని మనిషి. పాడేవాళ్ళు ఆగితే ఆగుతారు, సాగితే సాగుతారు, మధ్యలో కమాను తుడుచుకుంటారు.

అసలు సంగతి పెద్ద పాట దగ్గర బయటపడింది. ఆది తాళానికి లెక్క పసిపిల్లలకి కూడా తెలిసిందే. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఆ తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. చూపుడు వేలికి ఇందులో ఏ పనీ లేదు. కానీ లీలావతి గారి చూపుడు వేలికి కనక పుష్యరాగం ఉంది. భర్తకి ఇంకా పై పదవి రావాలని ఎవరో జ్యోతిష్కుడు చెబితే పెట్టుకున్నది, శనగబద్దంత రాయి. ఎవరూ చూడనప్పుడు ఆవిడ తాళం బాగానే నడిచేది. ఎవరైనా తన వంక చూస్తున్నారనిపిస్తే చాలు, మధ్య వేలు అయ్యాక ఆ చూపుడు వేలు కూడా వయ్యారంగా వచ్చి తొడ మీద ఆనేది. అక్కడితో తాళం ఒక వేలు పొడుగయ్యేది.

ప్యూను టీ తెచ్చినప్పుడు అది జరిగింది. పక్కింటావిడ తొంగిచూసినప్పుడు మళ్ళీ జరిగింది.

"ఆంటీ, ఇక్కడ ఒక వేలు ఎక్కువ పడినట్టుంది," అంది ప్రవల్లిక, వీలైనంత మెత్తగా.

లీలావతి గారు నవ్వారు. "నువ్వు కొంచెం ఫాస్ట్ అయిపోతున్నావమ్మా. ఈ వయసులో ఆ తొందర సహజం. ఏమంటారు శివరామకృష్ణ గారూ?"

శివరామకృష్ణ గారు కమాను తుడుచుకుంటున్నారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం వార్షికోత్సవం. అద్దెకి తీసుకున్న ఆడిటోరియం నిండింది. సంగీతం కోసం నిండిందనుకోవడానికి ప్రవల్లిక అంత అమాయకురాలు కాదు. ఆ సమితి వాళ్ళకి మంచి పేరున్నది భోజనాల్లో. పట్టుచీరల మీద స్వెట్టర్లు వేసుకోవాలా వద్దా అన్న సందిగ్ధంలో వణుకుతూ కూర్చున్న ఆడవాళ్ళూ, వచ్చీరాగానే పార్కింగు గురించి మాట్లాడుకునే మగవాళ్ళూ, నడవాలో హిందీలో కొట్టుకుంటున్న వాళ్ళ పిల్లలూ. అమ్మ నాలుగో వరసలో చోటు సంపాదించింది. సదాశివరావు గారు మాట ప్రకారం ముందు వరసలో, శాలువా కప్పుకుని కూర్చున్నారు.

తెర వెనక ప్రవల్లిక మృదంగానికి రవ్వ అంటిస్తుంటే సమితి కార్యదర్శి దశరథ్ గారు హడావిడిగా వచ్చారు. వరంగల్ మనిషి, గుర్‌గావ్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం.

"పాపా, నీ ఆ సోలో ఎన్ని నిమిషాలుంటది?"

"పది నిమిషాలు, అంకుల్."

"పక్కా ఉంటది గదా? మల్ల క్యాన్సిల్ జెయ్యరు గదా?"

తన తని గురించి ఒక మనిషి ఇంత పట్టించుకోవడం ప్రవల్లిక ఎన్నడూ చూడలేదు. "ఉంటుందంకుల్. ఎందుకు?"

"గప్పుడే మిరపకాయ బజ్జీలు దింపమని చెప్పిన క్యాటరర్‌కి. పాటల నడ్మ లేస్తె మేడమ్ ఫీలయితది. ఆఖరికి పెడ్తె అందరొక్కసారే ఎగవడ్తరు. నీ డోలు టైమే మంచిది, ఎవ్వలకు డిస్టర్బెన్స్ ఉండదు." ఆయన చేతి వాచీ చూసుకున్నారు. "నువ్వు స్టార్ట్ జేసేముందు జర గట్టిగ ఒక్కటి కొట్టు బేటా. కిచెన్ దాంక ఇనవడాలె."

ప్రవల్లిక ఎడమ చేతికంటిన రవ్వ వంక చూసుకుంది. ఆ క్షణంలో అమ్మ చెప్పినట్టు దాన్ని ఉప్మా చేసుకుని ఉంటే బాగుండేదనిపించింది.

కచేరీ మొదలైంది. శ్రుతి ఐదు. లీలావతి గారి చీర మామిడిపండు రంగు, మైకు ముందు చెయ్యి ఎత్తినప్పుడల్లా పుష్యరాగం లైట్లకి మెరిసేది. మొదటి పాటలోనే ఆ వేలు ఒకసారి వచ్చింది. ప్రవల్లిక సిద్ధంగా ఉంది. వాయిస్తున్న జతిని రవ్వంత సాగదీసి ఆవిడ దెబ్బ మీదే వాలింది. సభలో ఎవరికీ అనుమానం రాలేదు. ముందు వరసలో సదాశివరావు గారు మాత్రం కళ్ళు మూసుకుని, మంచి పులుసు రుచి చూసినవాడిలా తలూపారు. రెండో పాటలో గొయ్యి, మూడో పాటలో రెండు గోతులు. అన్నింట్లోనూ ఆవిడతో పాటే పడింది, పడ్డచోట మెట్టు కట్టింది. వెనక ఎవరో, "ఏం పాడుతోందండీ మహాతల్లి," అనడం కూడా వినబడింది. తన చెమటతో ఇంకొకరి గోడకి సున్నం వేస్తున్నట్టుంది ప్రవల్లికకి. ఫర్వాలేదనుకుంది. తని వస్తోంది కదా.

పెద్ద పాట చివర లీలావతి గారు స్వరాలు అందుకున్నారు. అప్పుడే ముందు వరసలోని ముఖ్య అతిథి ఫోన్లోంచి తల ఎత్తి వేదిక వంక చూశాడు. ఫోటోగ్రాఫరు ముందుకొచ్చాడు. చూపుడు వేలు వచ్చింది, మళ్ళీ వచ్చింది, స్వరాలు ఎటు వెళ్ళాయో వాటికే తెలియలేదు. మధ్యలో ఆవిడ గొంతు ఆగింది. ముఖం మీది చిరునవ్వు చెదరకుండా ప్రవల్లిక వైపు చెయ్యి చాపి, 'ఇక నువ్వు కానివ్వు' అన్నట్టు చూశారు. అలా దక్కింది ఆమె మొదటి తని, చేతిలో కాలుతున్న గిన్నెని పక్కవాళ్ళకి అందించినట్టు.

తలుపు దగ్గర దశరథ్ గారు బొటనవేలు పైకెత్తారు. సభ లేచింది. ఎవరూ తోసుకోలేదు, మర్యాదగానే లేచారు, వెనక వరసల నుంచి ముందుకి. వేగుతున్న శనగపిండి వాసన వేదిక మీదికి వచ్చింది. నాలుగో వరసలో అమ్మ కుర్చీ ఖాళీ అయింది. ముందు వరసలో సదాశివరావు గారు వేదిక వంక చూశారు, తలుపు వంక చూశారు. మళ్ళీ వేదిక వంక చూసి, ఇప్పుడే వచ్చేస్తానన్నట్టు చెయ్యి చూపించి, శాలువా సర్దుకుంటూ వెళ్ళిపోయారు.

మిగిలినవాళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటున్న ముఖ్య అతిథి, ఆయన పక్కన కూర్చోక తప్పని రామమోహనరావు గారు, మోకాళ్ళ నొప్పులవల్ల లేవలేని ఒక ముసలావిడ, ఫోటోగ్రాఫరు. వేదిక మీద శివరామకృష్ణ గారు వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని స్పీకరు వంక చూస్తున్నారు.

ప్రవల్లిక వాయించింది.

మొదట కోపంతోనే మొదలుపెట్టింది. కానీ మృదంగం కోపాన్ని ఎక్కువసేపు మొయ్యదు, దెబ్బ పగులుతుంది. రెండు ఆవర్తనాలు గడిచేసరికి చెయ్యి దానంతటదే తేలికపడింది. ఎడమ చేతి కింద రవ్వ తడిగా, గుమ్మని పలికింది. షటిల్ రైల్లో వేళ్ళతో కట్టుకున్న వరసలు ఒక్కొక్కటీ వచ్చి నిలబడ్డాయి. నడకని నాలుగక్షరాల తకధిమి నుంచి మూడక్షరాల తకిటకి మార్చి, ఆ ఇరుకులోంచి మళ్ళీ పాత నడకలోకి నొప్పి తెలియకుండా జారినప్పుడు, తనకే ముచ్చటేసింది. కాసేపు బజ్జీలు లేవు, సమితి లేదు. ఖాళీ కుర్చీలు కూడా మంచి శ్రోతల్లాగే అనిపించాయి, కనీసం అవి లేచి వెళ్ళడం లేదు.

ఇక ముక్తాయింపు. ఒకే జతిని మూడుసార్లు చెప్పి, మూడోసారి ఆఖరి దెబ్బ సరిగ్గా తాళం మొదటి దెబ్బ మీద పడేటట్టు దించాలి. తని అంతా ఆ ఒక్క దెబ్బ కోసమే. ముక్తాయింపు అందుకోబోతూ ప్రవల్లిక పక్కకి చూసింది. చూడకుండా ఉండాల్సింది. ఫోటోగ్రాఫరు సరిగ్గా లీలావతి గారి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఫ్లాష్ వెలిగింది. పుష్యరాగం వేలు తొడ మీద ఆనింది.

ఆవిడ చెయ్యి ఒక వేలు వెనకబడింది. మూడోసారికి ముందు చిన్న విరామం ఇచ్చి, ఒక్క వేలు ఆగితే చాలు. ఆవిడ దెబ్బా, తన దెబ్బా కలిసిపోతాయి. బజ్జీలు తిని తిరిగొస్తున్నవాళ్ళు భళా అంటారు. అది ఆమెకి చేతనైన పనే. ఆ సాయంత్రం అప్పటిదాకా చేస్తున్న పనే.

ప్రవల్లిక ఆగలేదు. కళ్ళు మూసుకుని తన లెక్క మీద నడిచింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఆఖరి దెబ్బ తాళం మొదటి దెబ్బ మీద పడింది, పడాల్సిన చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా. కళ్ళు తెరిచింది. లీలావతి గారి చెయ్యి ఇంకా తిప్పులోనే ఉంది, గాలిలో, వెల్లకిలా.

ఆవిడ ఆ చేతిని నెమ్మదిగా దించి, తన లెక్క పూర్తి చేసుకుని, ఆ తర్వాత పాట అందుకున్నారు. అది మళ్ళీ పాట కనుక ప్రవల్లిక మళ్ళీ పక్కవాద్యమైంది. ఒక అడుగు వెనక్కి వేసి ఆవిడ గోతిలోకి దిగి కూర్చుంది.

పాట అయ్యాక లీలావతి గారు మైకు దగ్గరకి జరుపుకున్నారు. "మా ప్రవల్లిక చిన్నపిల్ల. ఇది తన మొదటి తని. చివర్లో కొంచెం తాళం జారింది, మీలో తెలిసినవాళ్ళు గమనించే ఉంటారు. అయినా యంగ్ టాలెంట్‌ని మనమే ఎంకరేజ్ చెయ్యాలి కదా. ఒకసారి గట్టిగా చప్పట్లు."

తెలిసినవాళ్ళు అన్న మాట వినగానే సభలో అందరూ తెలిసినవాళ్ళైపోయారు. మేమూ గమనించామన్నట్టు తలలూపారు. ప్లేట్లు చేతుల్లో ఉండటంవల్ల చప్పట్లు మాత్రం సరిగ్గా పడలేదు.

ఆ తర్వాతంతా ఓదార్పులు. నూనె వేళ్ళతో తల నిమిరి, "ఏం కాదులేమ్మా, నెక్స్ట్ టైమ్ జాగ్రత్తగా వాయించు," అన్నారు ఒకావిడ. ఇంకొకావిడ, "అందుకే చెప్పాను, పాట నేర్పించమని. పాటలో ఇలాంటి ఇబ్బందులుండవు," అంది అమ్మతో. దశరథ్ గారు, "నువ్వేం ఫికర్ చెయ్యకు పాపా, బజ్జీలు మాత్రం టైమ్‌కి అయిపోయినయి," అన్నారు.

అమ్మ న్యూస్‌పేపరు పొట్లం విప్పింది. "తప్పావా?"

"లేదు. నువ్వు వినలేదా?"

"నీకోసమే వెళ్ళానే. అయిపోతాయని." పొట్లంలో రెండు బజ్జీలు, చల్లారి ముడుచుకుపోయి ఉన్నాయి. ప్రవల్లిక ఒకటి తింది. బాగుంది కూడా. అదే ఇంకా మంటగా ఉంది.

పార్కింగ్‌లో శివరామకృష్ణ గారు కారు తాళం తీస్తూ అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, "సరిగ్గా దించావమ్మా," అన్నారు. అని వెంటనే కారెక్కి అద్దం ఎత్తేశారు.

సదాశివరావు గారు చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చారు. "తప్పావట?"

"మీరు విన్నారా మాస్టారూ?"

"బయటికి వినపడుతూనే ఉంది. చివర్లో జనం గోల." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "వేడిగా ఉన్నాయన్నారు. సరే, మంగళవారం మాట్లాడదాం. ఇంకొన్నాళ్ళు సాధకం చెయ్యాలి నువ్వు."

మంగళవారం ప్రవల్లిక వెళ్ళింది. మెట్రో గేటు దగ్గర జవాను బజాకే దిఖావో అంటే ముఖం చూడకుండా ఒక దెబ్బ కొట్టింది. కరోల్ బాగ్ మెట్లెక్కి, చెప్పులు విడిచి, రవ్వ అంటించి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"తాళం వెయ్యండి మాస్టారూ."

"ఏమిటి?"

"ఆదివారం వాయించిన తని. మొత్తం వాయిస్తాను. తాళం వెయ్యండి."

ఆయన ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి మానుకుని, తొడ మీద తాళం అందుకున్నారు. ప్రవల్లిక ఒక్క దెబ్బ కూడా మార్చకుండా అదే తని వాయించింది. కింద లెహంగా దుకాణంలో ఎవరో పెళ్ళికూతురి తల్లి గులాబీ రంగు మరీ గులాబీగా ఉందని పోట్లాడుతోంది. సగం అయ్యేసరికి సదాశివరావు గారి వీపు గోడకి ఆనడం మానేసింది. ముక్తాయింపు మూడోసారి దిగి, ఆయన చెయ్యీ ఆమె చెయ్యీ ఒక్కసారే పడ్డాయి.

ఆయన చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.

"మరి ఆవిడ చెయ్యి?" అన్నారు చివరికి.

"ఆవిడకి ఇంకో వేలుంది మాస్టారూ."

"తెలుసు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చాలా ఏళ్ళుగా తెలుసు. నువ్వు చూశావా, దించబోయే ముందు?"

"చూశాను."

"చూసి కూడా దించేశావు. ఒక్క వేలు ఆగి ఆవిడ మీద వాలి ఉండొచ్చు కదా. నేర్పాను కదా అది."

"నేర్పారు. పాటలన్నిట్లో అదే చేశాను." ప్రవల్లిక మృదంగం అంచు మీద రవ్వ మరకని గోటితో గీకింది. "తని నాది మాస్టారూ."

ఆయనకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. వచ్చింది ఏమిటో ఆమెకి అర్థం కాలేదు కానీ, ఆయన ఆమె వంక కాకుండా గోడకి ఆనించి ఉన్న తన మృదంగం వంక చూశారు. దాని గుడ్డ తొడుగు మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆయన తీసి, కూర్చున్నవారల్లా లేచి నిలబడ్డారు. అవతల ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

"నమస్కారమమ్మా... అవునమ్మా... చిన్నపిల్ల, తొందర... అవునవును... లేదమ్మా, ఇంకెప్పుడూ పంపను." ప్రవల్లిక వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగారు. "ఉగాదికా? తప్పకుండా. ఇంకెవరినైనా మంచివాణ్ణి... ఏమిటమ్మా?... నేనా?" కిటికీ చువ్వ పట్టుకున్నారు. "మీ అభిమానం. నేనే వస్తాను. తప్పకుండానమ్మా."

ఫోన్ పెట్టేసి మళ్ళీ కూర్చోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"ఇక శిష్యులు వద్దుట. మీరైతే తప్పరు, మీరే రండి అంటోంది."

ప్రవల్లిక తల వంచుకుని కూర్చుంది. నవ్వు బయటికి రాకుండా పళ్ళు బిగించాల్సివచ్చింది.

"ఆ సాయంత్రమే మయూర్ విహార్‌లో నాకొక కచేరీ ఉంది," అన్నారాయన, ఎవరో తన జేబులోంచి డబ్బు తీసుకుంటున్నట్టు. "వైశాలి అని, నెల్లూరు నుంచి వస్తోంది. ఎవరింట్లోనో చిన్న కచేరీ. మైకు కూడా ఉండదు. మంచి లెక్క ఉన్న పిల్ల. తాళం వేస్తే గోడ గడియారం సరిచేసుకోవచ్చు." గొంతు సర్దుకున్నారు. "అది నువ్వు వాయించు. ఆదివారం నేను వినలేదు. ఇవాళ విన్నాను కదా."

ఒక మంచి మాట చెప్పడానికి ఆ మనిషికి ఇంతకన్నా దగ్గర దారి తెలియదు. ప్రవల్లిక మృదంగానికి గుడ్డ తొడిగింది, జిప్పు లాగింది. అడగాల్సిన ప్రశ్న ఒకటే మిగిలింది.

"టిఫిన్ ఎప్పుడు పెడతారు మాస్టారూ? మధ్యలోనా, చివర్లోనా?"

"ఎక్కడి టిఫినమ్మా. ఆ ఇంటాయన మహా పిసినారి. మంచినీళ్ళు కూడా అడిగితేనే ఇస్తాడు."

"అయితే తప్పకుండా వెళ్తాను," అంది ప్రవల్లిక.

సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూసింది. సదాశివరావు గారు గోడకి ఆనుకుని ఒక్కరే కూర్చుని తాళం వేసుకుంటున్నారు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. అక్కడ ఆగి, కాస్త ఆలోచించి, చూపుడు వేలు కూడా మెల్లగా తొడ మీద ఆనించి చూసుకున్నారు.